మేస్త్రీ కొడుకులు కాంట్రాక్టర్లు కాలేరా?

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ గురించో, లక్ష్యసాధన గురించో రాయడం ఆనవాయితీ. మేము ఈసారి ఇసుక, సిమెంటు, కిటికీల గురించి రాయదలిచాం. హాస్టల్లో చేరేనాడు తండ్రి వృత్తి అన్నచోట ‘కూలీ’ అని రాయించిన వాళ్లం మనలో ఎందరో ఉన్నాం. చాలా ఇళ్లలో అది భవన నిర్మాణపు కూలీయే.

డ్యాముల పనుల్లో పాలమూరు లేబరు పేరు తెలియనివారు లేరు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి భార్యాభర్తలు ఊరు విడిచేవారు. మా తాత అలా పోయినవాడే. మా నాయన హైదరాబాదులో తాపీ పట్టి, ఇరవై ఏళ్లకు పదిహేను మందితో పని చేయించే మేస్త్రీ అయ్యాడు. అక్కడే ఆగిపోయాడు. పనితనం లేక మాత్రం కాదు.

మూడేళ్ల క్రితం ఒక ఇంటి ప్లాస్టరింగు లేబర్ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. 12 కిటికీలు, ఒక్కోటి నాలుగడుగులకు నాలుగు. లెక్క కట్టేరోజు యజమాని లోపలివైపూ బయటివైపూ కిటికీల జాగా తీసేశాడు. ఐ.ఎస్. 1200 అనే భారత ప్రమాణం ప్రకారమైతే, రెండు వైపులా ఒకే రకం ప్లాస్టరింగు ఉన్నప్పుడు, అర చదరపు మీటరు దాటి మూడు చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీకి ఒక్క వైపే తీసివేయాలి. కిటికీ అంచుల పనికి వేరే లెక్క కట్టరు కాబట్టి అది దానికి చెల్లు. అంటే 192 చదరపు అడుగుల కూలీ పోయింది. గట్టిగా అడుగుదామంటే ఒప్పంద కాగితమే లేదు. అప్పటికి బి.కాం. చదువుతున్న మాకూ ఆ కొలత సంగతి తెలియదు. ఇంట్లో బిల్లు రాయడానికి పనికిరాని కామర్స్ అది!

రెండో అడ్డంకి డబ్బు. ప్రతి శనివారం బట్వాడా ఆగదు, బిల్లుకు మాత్రం నెలలు పడుతుంది. ఆ మధ్యకాలాన్ని మా నాయన మూడు రూపాయల వడ్డీతో దాటుతాడు. తెలంగాణలో 2021లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇవ్వడం మొదలైనప్పుడు మాకు తెలిసినవాళ్లు కార్లు, ట్రాక్టర్లే ఎంచుకున్నారు. ఆరువారాల బట్వాడా చేతిలో ఉండటం కూడా పెట్టుబడేనని మనకు తోచలేదు.

కేరళలో కోజికోడ్ జిల్లా ఊరాళుంగల్ కూలీలకు తోచింది. సంస్కర్త వాగ్భటానందుని వెంట నడిచినందుకు భూస్వాములు పని ఇవ్వకపోతే, 1925లో సొంతంగా లేబర్ కాంట్రాక్ట్ సహకార సంఘం పెట్టుకున్నారు. నూరేళ్లు నిండిన ఆ సంఘం నేడు జాతీయ రహదారి పనులు చేస్తోంది. పనిచేసేవారే సభ్యులు, వారు ఎన్నుకున్నవారే డైరెక్టర్లు.

అంత పెద్దది రేపే కావాలని మేము అనడం లేదు. ఎస్టిమేటు వేయడానికి సివిల్ డిప్లొమా చేసిన తమ్ముడు, బిల్లులూ జీఎస్టీ చూడటానికి కామర్స్ వాళ్లం, ఒప్పందం రాయడానికి లా చదివే అన్న మన హాస్టల్లోనే ఉన్నాం. ముగ్గురం కూర్చుంటే ఒక మేస్త్రీకి ఆఫీసు తయారవుతుంది. ఇంజనీర్లయిన పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్లకుండా, నెలకో ఆదివారం టేపు పట్టుకుని వచ్చి మాకు కొలతలు నేర్పాలని మనవి.

పోయిన నెల మా నాయన పట్టిన పనికి ఒప్పందం మేమే రాశాం. కిటికీల వాక్యం రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాడు. పెట్టి, “సరే గాని బిడ్డా, గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడంట?” అని అడిగాడు.