గాలిని కొట్టేవాళ్లు

బిళ్లంగోడు ఆడని పెద్దలు ఈ పత్రిక చదివే ఇళ్లలో ఎందరో ఉండరని నా నమ్మకం. గోడుతో బిళ్ల కొసను తట్టాలి. అది ఎగరగానే, నేలకు దిగేలోగా కొట్టాలి. తప్పితే మళ్లీ, అదీ తప్పితే మళ్లీ. ఊరికో పద్ధతి ఉన్నా, చాలాచోట్ల మూడోమారు కూడా గాలినే కొట్టినవాడు గోడు అవతలివాడికి అప్పగించి పోవలసిందే.

అమెరికావాళ్లు ప్రాణంగా చూసుకునే బేస్‌బాల్ ఆటకు మూలసూత్రం కూడా ఇదే. సరైన ఎత్తున వచ్చిన బంతిని కొట్టబోయి తప్పినా, కొట్టకుండా వదిలేసినా ఒక తప్పు. మూడు తప్పులైతే ఆటగాడు ఔట్. దీన్ని స్ట్రయికౌట్ అంటారు. జనం నిండిన మైదానంలో మూడుసార్లు గాలిని నరికి, బ్యాటు భుజాన వేసుకుని తిరిగి రావడం ఎవరికైనా నామోషీగానే ఉంటుంది.

చిత్రమేమిటంటే, అలా తిరిగి వచ్చినవాళ్లలోనే ఆ దేశపు మహావీరులు చాలామంది ఉన్నారు. బేబ్ రూత్ పేరు వినే ఉంటారు. ఆయన కొట్టిన హోంరన్లు 714. హోంరన్ అంటే మన సిక్సరుకు పెద్దన్న. బంతి కంచె దాటితే కొట్టినవాడే గాక, అంతకుముందు మజిలీల్లో నిలబడ్డ తనవాళ్లు కూడా ఇల్లు చేరతారు. అదే రూత్ స్ట్రయికౌట్ అయింది 1,330 సార్లు. ఆయన తరువాత వచ్చిన రెగ్గీ జాక్సన్ ఇంకా ఘనుడు. హోంరన్లు 563, స్ట్రయికౌట్లు 2,597! ఈ రెండో లెక్కలో ఆయన్ను దాటినవాడు ఈనాటికీ లేడు. 1977లో ప్రపంచ సిరీస్ ఆరో ఆటలో ఆ జాక్సనే ముగ్గురు వేర్వేరు ఆటగాళ్లు విసిరిన మూడు బంతులను మూడే ఊపుల్లో కంచె దాటించాడు. 1993లో ఆయన్ను కూపర్స్‌టౌన్‌లోని కీర్తి మందిరంలో చేర్చుకున్నారు. 2,597 మాట అక్కడ ఎవరూ అడ్డు చెప్పినట్టు లేదు.

నంద్యాలలో కూర్చుని ఈయనకు అమెరికా ఆటల గొడవ ఎందుకంటారేమో. గొడవ ఆళ్లగడ్డలో వచ్చింది లెండి.

మా బావమరిది వాళ్ల ఊరి గుడికి ఒక విగ్రహం చెప్పారు. అది ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని నన్ను పంపారు. సిరివెళ్ల మీదుగా బస్సులో ఆళ్లగడ్డ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆళ్లగడ్డ శిల్పుల సంగతి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. ఉలి చప్పుడు వినపడే వైపు నడిస్తే చాలు, దారి అడగనవసరం లేదు. మా శిల్పిగారు విగ్రహం చూపించారు గాని, ఆయన మనసు దానిమీద లేదు. పదో తరగతి చదువుతున్న కూతురు బడి సాఫ్ట్‌బాల్ జట్టులో ఉంది. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కు చెల్లెలు. బంతి కాస్త పెద్దది, మూడు తప్పుల శిక్ష మాత్రం అదే. క్రిందటి వారం నంద్యాలలో పందెం జరిగితే ఆయన స్వయంగా వెళ్లి చూశారు. పిల్ల నాలుగుసార్లు బ్యాటు పట్టి, మూడుసార్లు స్ట్రయికౌట్ అయిందట. నాలుగోసారి కొట్టిన బంతి అందరి తలల మీదుగా పోయి, ముగ్గురిని ఇల్లు చేర్చిందని పక్కనుంచి పిల్ల అందించింది. ఆయన విననట్టే ఊరుకున్నారు.

“మా పనిలో ఒక్క దెబ్బ తప్పితే ముక్కు పోతాది సార్. ముక్కు పోయిన స్వామి గుడికి పనికిరాడు. మూన్నెల్ల కష్టం మట్టి. ఈ పిల్ల మూడుమార్లు గాలిని కొట్టి నవ్వుకుంటా వచ్చె. పక్కన కూర్చున్నోళ్లు ఈ పిల్ల ఎవరిదని అడిగితే నేను పలకలేదు” అన్నారాయన.

ఆ చివరి మాట దగ్గర పిల్ల తల దించుకుంది. తరువాతి పందేలకు పంపడానికి ఇష్టమేనని తండ్రి సంతకం చేయవలసిన కాగితం ఒకటి గూట్లో ఉందనీ, సోమవారంలోగా బడికి చేరాలనీ అప్పుడు తెలిసింది.

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ఉలి పట్టినవాడికి తప్పు అంటే ఏమిటో తెలిసినంతగా కలం పట్టినవాడికి తెలియదు. మాకు కొట్టివేత ఉంది. అయినా నాకు తోచింది చెప్పాను. ప్రతి పనిలోనూ తప్పు ఉంటుంది గాని, తప్పు ఖరీదు అన్నిచోట్లా ఒకటి కాదు. రాయి రెండో అవకాశం ఇవ్వదు. క్రికెట్టు కూడా కొంచెం రాయివంటిదే. ఒక్క బంతి తప్పి వికెట్టు పడిందా, ఆ ఇన్నింగ్సుకు ఇక సెలవే. అందుకే ఆ ఆటలో గురువులు ముందు ఆపడం నేర్పి, తరువాత కొట్టడం నేర్పుతారు. టెస్టుల్లో 99.94 సగటు సాధించిన బ్రాడ్మన్ 52 టెస్టుల్లో కొట్టిన సిక్సర్లు ఆరంటే ఆరు.

అంత ఖరీదైన ఆటలోనూ గాలికి వెరవనివాడు మన తెలుగువాడు ఒకడున్నాడు. నాగపూరులో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు, అదే సి.కె. నాయుడు. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేశాడు. అందులో సిక్సర్లు పదకొండు! 1932లో లార్డ్స్‌లో భారత జట్టు తొలి టెస్టు ఆడినప్పుడు నాయకుడు ఆయనే. ఆడిన ఏడు టెస్టుల్లో ఆయన సగటు ఇరవై ఐదు. పద్దులు రాసే గుమాస్తాకు ఆ అంకె ఆనదు. ఆనాడు బొంబాయిలో చూసినవాళ్లు మాత్రం సగటు చూడడానికి వెళ్లలేదు కదా!

బేస్‌బాల్‌లో ఖరీదు ఇంకా తక్కువ. జట్టుకు ఇరవై ఏడు ఔట్లు ఇస్తారు. స్ట్రయికౌట్ అందులో ఒకటి. ఇంకాసేపటికి అదే ఆటగాడు మళ్లీ వచ్చి కొట్టవచ్చు. పైగా ఒక తమాషా ఉంది. మొదటి మజిలీలో మనవాడు నిలబడి ఉండగా, ఇవతలివాడు బంతిని బలహీనంగా తగిలించి నేరుగా ఫీల్డరు చేతికి పంపాడనుకోండి. ఒక్క దెబ్బకు ఇద్దరూ ఔటయ్యే ప్రమాదం ఉంది. గాలిని కొట్టినవాడు తానొక్కడే పోయేవాడు. తగలని దెబ్బ కన్నా తగిలిన దెబ్బ చేటు చేయడం ఆ ఆటలోనే చూశాను!

అలాగని గాలిని కొట్టడమే గొప్ప అని నేననను. ఆరిజోనా జట్టులో మార్క్ రేనాల్డ్స్ అనే ఆటగాడు 2009లో ఒక్క ఏడాదిలో 223 సార్లు స్ట్రయికౌట్ అయి, ఎవరూ దాటని లెక్క నెలకొల్పాడు. ఆ ఏడు 44 హోంరన్లు కొట్టాడు గనక సరిపోయింది. మరుసటి ఏడు స్ట్రయికౌట్లు 211, హోంరన్లు 32. ఏడాది తిరక్కుండానే ఆయన్ను బాల్టిమోర్‌కు ఇచ్చేశారు.

శిల్పిగారికి వీళ్లెవరూ నచ్చలేదు. జో సీవెల్ కథ చెబితే మాత్రం సుత్తి కింద పెట్టారు. సీవెల్ 1925లో 608 సార్లు లెక్కకెక్కేలా బ్యాటు పట్టి, నాలుగే నాలుగుసార్లు స్ట్రయికౌట్ అయ్యాడు. పద్నాలుగేళ్ల ఆటలో మొత్తం 114.

“ఆయన శిల్పి సార్!” అన్నారు.

“హోంరన్లు జీవితమంతా కలిపి 49” అన్నాను.

ఇంతలో పిల్ల నన్నొక ప్రశ్న అడిగింది. వాళ్ల వ్యాయామ ఉపాధ్యాయుడు స్కోరు కాగితంలో తన పేరు పక్కన ఇంగ్లీషు ‘కె’ అక్షరాలు వేశారట, ఎందుకని. అది వేసే అలవాటు హెన్రీ చాడ్విక్‌ది. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో మొదట క్రికెట్టు వార్తలు రాసిన పత్రికావిలేఖరి. ‘స్ట్రక్’ అనే మాటలో చివరి అక్షరం తీసుకున్నాడు. తరువాత వాళ్లలో ఇంకో సంప్రదాయం పుట్టింది. మూడో బంతిని కొట్టబోయి తప్పితే కె నిటారుగా రాస్తారు. చేతులు కట్టుకున్నట్టు నిలబడి వదిలేస్తే అదే అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తారు.

తండ్రి కూతురివైపు తిరిగి, “నీదే కె?” అన్నారు.

“నేను యాప్పుడూ నిలబళ్లేదు నాయనా. ఊపినా.”

మజ్జిగ గ్లాసులు తీసుకోవడానికి వచ్చిన తల్లి, “ఊపితే సరా? తగలాల గదా!” అంది.

ఆమె మాటలో న్యాయముంది. రెండూ కుదిరినవాళ్లు లేకపోలేదు. జో డిమాజియో హోంరన్లు 361 కొడితే స్ట్రయికౌట్లు 369 మాత్రమే. రెండు తప్పులు పడ్డాక బ్యాటును పిడి చివర గాక కాస్త పైకి పట్టుకుని, ఊపు తగ్గించి ముందు బంతిని తగిలించే ఉపాయం కూడా ఉంది. పిల్ల ఇది శ్రద్ధగా విని, ఎంత పైకి పట్టుకోవాలి అని అడిగింది. బ్యాటు పట్టి ఎరగని నేను నీళ్లు నమిలాను.

శిల్పిగారు సుత్తి తీసుకున్నారు. “కన్ను రెప్ప చెక్కేటప్పుడు ఇట్లా పట్టాల” అంటూ చేతిని పిడి మీద పైకి జరిపి చూపించారు. పిల్ల ఆ సుత్తి అందుకుని, ఇంత పైకా, ఇంకానా అని అడుగుతూ నిలబడింది.

నంద్యాల బస్సుకు వేళయిందని నేను లేచాను. కాగితం ఇంకా గూట్లోనే ఉంది.