అద్దె లేని విడిది



మన పల్లెలలో అనేక కుటుంబాల పిల్లలు నేడు అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వేసవి సెలవులలో వారు పంపే ఫోటోలు చూసి ఇక్కడి పెద్దలు కొంచెం కలవరపడుతుంటారు. కొండల నడుమ ఒక చిన్న గుడారం, దాని ముందు మనవలు. దరిదాపుల్లో ఇల్లు లేదు, దీపం లేదు, మనిషి అలికిడి లేదు. “చక్కని ఇల్లు పెట్టుకొని అడవిలో పడుకోవడమేమిటి? అది ఎవరి స్థలం? ఎవరూ వచ్చి వెళ్ళగొట్టరా?” అని అడిగే తల్లులున్నారు. అడగవలసిన ప్రశ్నలే. ఈ నెల వాటికి జవాబు చెప్పుకుందాం. పిల్లల దగ్గరకు ప్రయాణమయ్యే పెద్దలకు ఇది ఉపయోగపడుతుంది. ప్రయాణం లేనివారికి కూడా ఇందులో ఆలోచించదగిన సంగతి ఒకటి ఉన్నది.

అది ఎవరి భూమి?

అమెరికా పడమటి భాగంలో రాకీ పర్వతాలనే గొప్ప కొండల వరుస ఉన్నది. కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహో మొదలైన రాష్ట్రాలలో ఈ కొండల్లో ఎక్కువ భాగం ఏ ఒక్కరి సొంతమూ కాదు. అది దేశ ప్రజలందరి ఉమ్మడి ఆస్తి. ప్రభుత్వం దానిని వారి పేర చూసుకుంటుంది. అడవులను ఫారెస్ట్ సర్వీస్ అనే శాఖ చూస్తుంది. దాని చేతిలో దేశమంతటా సుమారు 19 కోట్ల 30 లక్షల ఎకరాలున్నాయి. బీళ్ళు, ఎడారి నేలలు, మెట్టలు ఎక్కువగా బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ అనే మరొక శాఖ క్రింద ఉన్నాయి. అవి సుమారు 24 కోట్ల 50 లక్షల ఎకరాలు. రెండూ కలిపితే మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మొత్తం విస్తీర్ణానికి ఆరు రెట్లకు పైమాటే.

ఈ నేల మొదట యూట్, షోషోనీ మొదలైన ఆదివాసీ జాతులది. వారి చేతినుండి పోయిన భూమి ఇది అన్న సంగతి మరువకూడదు. తరువాత వచ్చినవారు అడవులను విచ్చలవిడిగా నరికారు. కొండలు బోడివైతే వాగులు ఎండుతాయనీ, వానకు మట్టి కొట్టుకుపోతుందనీ పెద్దలకు భయం పట్టుకుంది. అప్పుడు 1891లో ఒక చట్టం చేసి, కొన్ని అడవులను అమ్మకుండా ప్రక్కకు తీసి ఉంచే అధికారం అధ్యక్షునికి ఇచ్చారు. 1905లో ఫారెస్ట్ సర్వీస్ ఏర్పడింది. గిఫర్డ్ పించో దానికి మొదటి అధిపతి. మిగిలిన బీడు భూములను కూడా సాధారణంగా ప్రభుత్వం చేతిలోనే ఉంచాలని 1976లో మరొక చట్టం వచ్చింది. ఈనాడు మన పిల్లలు గుడారం వేసుకునే చోటు ఆ నిర్ణయాల ఫలమే.

విడిది ఎలా చేస్తారు?

ఈ అడవులలో రెండు రకాల విడుదులున్నాయి. మొదటిది, డబ్బు కట్టి దిగే చోటు. అక్కడ బల్ల, మరుగుదొడ్డి, చాలాచోట్ల మంచినీళ్ళు ఉంటాయి. రెండవది, ఏమీ లేని చోటు. దీనిని డిస్పర్స్డ్ క్యాంపింగ్ అంటారు. అనగా గుంపుగా కాక, అడవిలో అక్కడక్కడ చెదురుగా దిగడం. దీనికి చాలాచోట్ల రుసుము లేదు, ముందుగా పేరు నమోదు చేసుకోనక్కరలేదు. అయితే నీళ్ళు లేవు, దొడ్డి లేదు, చెత్త ఎత్తేవారు లేరు. పిలిస్తే పలికే మనిషి కూడా ఉండకపోవచ్చు. ఫోను పనిచేయని లోయలే ఎక్కువ. కనుక ఎక్కడికి వెళ్తున్నారో, ఏ రోజు తిరిగి వస్తారో ఇంటిదగ్గర ఒకరికి చెప్పి బయలుదేరాలి.

జాతీయ అరణ్యం వేరు, నేషనల్ పార్కు వేరు. ఈ తేడా తెలియక కొందరు చిక్కుల్లో పడతారు. పార్కులో ఇష్టమైన చోట దిగడానికి వీలులేదు. అక్కడ గుర్తించిన స్థలాలు, అనుమతి చీటీలు ఉంటాయి. అడవిలో కూడా ఏ దారిన బండి పోవచ్చునో చూపే పటాన్ని ఫారెస్ట్ సర్వీస్ వారు ఉచితంగా ఇస్తారు. అది చేతిలో పెట్టుకొని, దగ్గరలోని రేంజరు ఆఫీసులో ఒక మాట అడిగి వెళ్ళడం మంచిది. గడువు సాధారణంగా 14 రోజులు. రద్దీ ఎక్కువైన చోట్ల ఇంకా తక్కువ పెడతారు.

దిగే చోటు ఎంచుకోవడంలో ఒక పద్ధతి ఉన్నది. పచ్చగడ్డి మీద కొత్తగా గుడారం వేయకూడదు. మునుపటివారు దిగగా గట్టిపడిన నేలను వెదకుకోవాలి. వాగుకూ చెరువుకూ సుమారు 200 అడుగుల దూరం, అంటే పెద్దవారి అడుగులు డెబ్బయి, విడిచిపెట్టాలి. ఎండిపోయి నిలబడిన చెట్టు క్రింద దిగరాదు. గాలికి అది ఎప్పుడు పడుతుందో తెలియదు.

కాలకృత్యాల మాట చెప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. అక్కడ చిన్న పార వెంట తీసుకువెళ్తారు. నీళ్ళకూ, బాటకూ, గుడారానికీ 200 అడుగుల దూరం పోయి, ఆరు నుండి ఎనిమిది అంగుళాల గొయ్యి తీసి, పని ముగిశాక మట్టి కప్పివేస్తారు. కాగితం సంచిలో వేసుకొని వెనక్కు తెస్తారు. ఎందుకింత జాగ్రత్త? ఆ కొండలు నదుల పుట్టినిళ్ళు. కొలరాడో నది ఆ రాకీ పర్వతాలలోనే పుట్టి, దిగువన సుమారు 4 కోట్ల మందికి నీరిస్తుంది. పైన ఒకరు చేసిన అశ్రద్ధ క్రింద మరొకరి బిందెలోకి వస్తుంది గదా! చూపుకు తేటగా ఉన్న వాగునీటిలో కూడా విరేచనాలు కలిగించే క్రిములుండవచ్చును. కనుక నీళ్ళు మరిగించి త్రాగాలి. 6,500 అడుగులకు పైన ఉన్న చోట మూడు నిమిషాలు తెర్లనివ్వాలని వైద్యశాఖవారు చెబుతారు.

పెద్దలకు, గృహిణులకు

మన తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తయిన శిఖరాలు సుమారు 5,500 అడుగులు. కొలరాడోలోని డెన్వర్ పట్టణం మైదానం అంచున ఉండి కూడా 5,280 అడుగుల ఎత్తులో ఉన్నది! అక్కడినుండి కొండల్లోకి వెళ్తే విడిది చేసే చోటు తొమ్మిది, పది వేల అడుగులుంటుంది. అక్కడ గాలి పలుచన. తలనొప్పి, వికారం, ఆయాసం, నిద్రపట్టకపోవడం కలుగవచ్చు. విమానం దిగిన మరునాడే అమ్మానాన్నలను కొండెక్కించరాదు. ఒకటి రెండు రోజులు పట్టణంలో ఉండి, నీళ్ళు బాగా త్రాగి, మెల్లగా ఎక్కాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వైద్యుని అడగకుండా వెళ్ళకూడదు. తలనొప్పి ముదిరినా, తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా మందు దిగువకు రావడమే. తెల్లవారనిద్దామని ఆగరాదు.

వంట సంగతి మన గృహిణులు తెలుసుకోదగినది. పది వేల అడుగుల ఎత్తులో నీరు సుమారు 90 డిగ్రీలకే మరుగుతుంది. నీళ్ళు కళపెళ తెర్లుతున్నా పప్పు ఉడకదు, బియ్యం పలుకుగా మిగులుతుంది. ప్రెషర్ కుక్కరు తీసుకువెళ్ళినవారికి ఈ బాధ లేదు. లేకపోతే పులిహోర, చపాతీలు ఇంట్లోనే చేసి పట్టుకుపోవడం సులువు.

తినగా మిగిలినది గుడారంలో పెట్టుకోరాదు. ఆ అడవుల్లో ఎలుగుబంట్లున్నాయి. వాటి వాసన శక్తి చాలా గొప్పది. ఆవకాయ సీసా, బిస్కెట్ల పొట్లం మాత్రమే కాదు, సబ్బు, పళ్ళ పేస్టు కూడా వాటిని రప్పిస్తాయి. వీటన్నిటినీ ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి, పడుకునే చోటికి దూరంగా ఉంచాలి. ఒక్కసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది. చివరకు దానిని చంపవలసివస్తుంది. మన అజాగ్రత్తకు ఆ మూగజీవి ప్రాణం పోతుంది.

జూలై, ఆగస్టు నెలలలో మధ్యాహ్నం కాగానే ఉరుములు మెరుపులు వస్తాయి. కాబట్టి కొండ నెత్తి మీదికి వెళ్ళేవారు తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నానికల్లా చెట్లున్న దిగువకు చేరాలి. ఉరుము వినబడితే ఒంటరి చెట్టు క్రిందికి పోరాదు, కారులో కూర్చోవాలి. నడివేసవిలో కూడా రాత్రి గడ్డకట్టేంత చలి వేయవచ్చు. పిల్లలకు ఉన్ని బట్టలు, టోపీలు తప్పనిసరి.

మంట విషయం

అన్నిటికంటె భయపడవలసినది మంటకు. అక్కడి వేసవి ఎండుగా ఉంటుంది, గాలి ఎక్కువ. అడవి బాగా ఎండిన రోజులలో అధికారులు చలిమంటలను నిషేధిస్తారు. ఆ నిషేధం ఉన్నదో లేదో బయలుదేరేముందే విచారించాలి. మంట వేసుకోనిచ్చిన రోజున కూడా పాత రాళ్ళ పొయ్యిలోనే వేయాలి. పచ్చి చెట్టు కొట్టరాదు. లేచిపోయేముందు నీళ్ళు పోసి, కెలికి, మళ్ళీ పోసి, చేతి వెనుక భాగంతో వేడి చూడాలి. చేతికి వేడి తగిలితే ఇంకా ఆరలేదన్నమాట.

2016 జూలైలో కొలరాడోలో నెదర్లాండ్ అనే చిన్న కొండ ఊరి దగ్గర విడిది చేసినవారు తమ మంటను పూర్తిగా ఆర్పకుండా వెళ్ళిపోయారు. అది రాజుకొని 500 ఎకరాలకు పైగా తగలబడింది. ఎనిమిది ఇళ్ళు కాలిపోయాయి. వందలాది కుటుంబాలు కట్టుబట్టలతో ఊరు విడిచి పరుగెత్తాయి. రెండు బిందెల నీళ్ళతో తప్పిపోవలసిన నష్టమది.

ఉచితమైనది ఎలా నిలుస్తుంది?

ఈ విడిదికి అద్దె లేదు, కాపలా లేదు. మరి దానిని నిలబెడుతున్నది ఏమిటి? దిగిన ప్రతివాని నడవడి. అది చెడితే విడిది కూడా పోతుంది. క్రెస్టెడ్ బ్యూట్ అనే ఊరి చుట్టుప్రక్కల లోయలలో ఒకప్పుడు నచ్చిన చోట దిగేవారు. జనం పెరిగారు. పూలమైదానాల మీద బండ్లు నడిపారు, చెత్త వదిలారు. 2021లో అధికారులు ఆ లోయలలో స్థలాలకు గుర్తులు వేసి, వాటిలో తప్ప దిగరాదన్నారు. తప్పు చేసినది కొందరు, స్వేచ్ఛ పోయినది అందరికీ.

ఈ విషయంలో బీదల మాట కూడా ఉన్నది. హోటలు గది అద్దె భరించలేని కుటుంబం కూడా ధనవంతుడు చూసే కొండనే చూస్తూ నిద్రలేవడం చిన్న సంగతి కాదు. ఆ విహార పట్టణాలలో గిన్నెలు తోమి, గదులు ఊడ్చేవారిలో కొందరికి ఇంటి అద్దె అందక, కారులోనే ఈ అడవుల్లో రాత్రులు గడుపుతారు. 14 రోజుల గడువు తీరగానే మరొక చోటికి కదలిపోవాలి. అట్టివారు ప్రక్కన ఉంటే మన పిల్లలు చులకనగా చూడకూడదు.

2025 జూన్‌లో ఈ ఉమ్మడి భూములలో ఇరవై లక్షల ఎకరాలకు పైగా అమ్మాలని అమెరికా సెనేటులో ఒక ప్రతిపాదన వచ్చింది. వేటగాండ్రు, చేపలు పట్టేవారు, గుడారాలు వేసేవారు పార్టీ భేదం లేకుండా వద్దన్నారు. ఆ నెలాఖరుకే ప్రతిపాదనను వెనక్కు తీసుకున్నారు. తాము పడుకున్న నేల గనుక దాని విలువ వారికి తెలిసింది.

మన ఊళ్ళలో కూడా చెరువు గట్టు, పశువుల బీడు, మంచినీళ్ళ బావి అందరివీ. అందరిదైన దానిని ఎవరిదీ కానిదిగా చూసినందువల్ల ఎన్ని ఊళ్ళలో అవి ఆక్రమణకు, చెత్తకు పోయాయో మీకు తెలుసు. ఒక హెచ్చరిక: మన రిజర్వు అడవులలో అమెరికా పద్ధతి చెల్లదు. అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. మన యువకులు ఫోటోలు చూసి ఉత్సాహపడితే ముందు అటవీశాఖవారిని అడగాలి.

విదేశంలోనున్న పిల్లలతో మాట్లాడేటప్పుడు ఒక చిన్న అలవాటు నేర్పమనండి. గుడారం మడిచాక, కారు ఎక్కేముందు, పసివాళ్ళతో సహా అందరూ ఆ చోటంతా ఒకసారి తిరగాలి. పడిన కాగితం, సీసా మూత, అన్నం మెతుకు ఏరి సంచిలో వేసుకోవాలి. మునుపటివారు వదిలినది కనిపిస్తే దానిని కూడా ఏరాలి. పది నిమిషాల పని. రేపు అక్కడికి వచ్చే కుటుంబం ఎవరో మనకు తెలియదు. వారికి శుభ్రమైన చోటు అప్పగించడమే ఆ విడిదికి మనం చెల్లించే అద్దె.