గన్నేరు ఇంటిపేరు

మొన్న మా అక్కయ్య మనవరాలు పెరట్లోంచి పసుపుపచ్చని పువ్వొకటి తెచ్చి, "తాతయ్యా, ఇదీ గన్నేరేనా?" అని అడిగింది. జవాబు చెప్పేముందు ఇంట్లో ఉన్న నిఘంటువు తిరగేశాను. "ఒక పూలచెట్టు" అని ఉంది. అంతే! నిఘంటుకారుని కన్నా ఆ పేరు పెట్టిన పల్లెటూరివాడే ఎక్కువ చూశాడని నా అభిప్రాయం.

సంస్కృతంలో కరవీరమనే గన్నేరు మనకు తరతరాలుగా తెలిసినది. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచీ, బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచీ వచ్చినవి. వచ్చిన మూడింటికీ మనవాళ్ళు ఒకే ఇంటిపేరు పెట్టారు. శాస్త్రజ్ఞులు ఈ నాలుగింటినీ వేర్వేరు ప్రజాతులుగా విడదీసినా, చివరకు చేర్చింది ఒక్క కుటుంబంలోనే: అపోసైనేసీ. పచ్చగన్నేరు శాస్త్రీయనామం 1753లో లిన్నేయస్ పెట్టింది మొదలు సెర్బెరా, థెవీషియా, కాస్కబేలా అని మారుతూ వచ్చింది. తెలుగు పేరు మాత్రం మారలేదు.

ఆ చుట్టరికం మొగ్గలోనే కనిపిస్తుంది. నాలుగింటిలోనూ రేకులు మడిచిన గొడుగులా ఒకదాన్నొకటి చుట్టుకుని మెలితిరిగి ఉంటాయి.

అయితే జానపదుని చూపుకూ హద్దులున్నాయి. నందివర్ధనం కూడా ఈ కుటుంబానిదే. దానికి ఈ ఇంటిపేరు దక్కలేదు. పైగా ఇంటిపేరొక్కటే చెప్పి ఊరుకుంటే ప్రమాదం. గన్నేరుకు సాధారణంగా కణుపుకు మూడేసి ఆకులు, పచ్చగన్నేరుకు ఒక్కొక్కటే. గన్నేరు కాయ సన్నగా, పొడుగ్గా ఉండి, పగిలితే నూగుగింజలు ఎగిరిపోతాయి. పచ్చగన్నేరు కాయలో గట్టి టెంకె ఉంటుంది. ఎన్నో ఇళ్ళలో దీపాలార్పిన "గన్నేరు పప్పు" ఆ టెంకెలోనిదే. రెండు చెట్లలోనూ గుండె లయను దెబ్బతీసే విషముంది. వీటి చుట్టమైన బిళ్ళగన్నేరు నుంచే రక్తక్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టీన్ అనే మందు వచ్చింది!

ఇంత సంగతి "ఒక పూలచెట్టు" అన్న రెండు మాటల్లో ఇమిడిపోవలసిందేనా? ఆకు అమరిక, కాయ తీరు, విషముందో లేదో - మూడు వాక్యాలు చాలు. అవి లేని నిఘంటువు మాటకు అర్థం చెప్పినట్టు కాదు, తప్పించుకున్నట్టు.

పిల్లకు మాత్రం ఇలా చెప్పాను: "గన్నేరు చుట్టమేనమ్మా. పువ్వు దేవుడికి పెట్టి చేతులు కడుక్కో. కాయ జోలికి మాత్రం ఎప్పుడూ పోకు."

మీ ఊళ్ళో వీటికి వేరే పేర్లున్నాయా? ఉంటే చెప్పండి, మరచిపోకముందే రాసిపెట్టుకుందాం.