ముందు మనిషి, తర్వాతే ఇల్లు



2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి వేల చెట్లు వేళ్లతో సహా కూలాయి. అదే గాలి ఊళ్ల మీదికి వస్తే?

ఇంటి వెనుక వేపచెట్టు కప్పు మీద పడి, రేకులు పగిలి వాన కారుతుంటే ఎవరికైనా తొందర పుడుతుంది. చీకట్లోనే గొడ్డలి పట్టుకొని పైకెక్కుతారు. ఈ తొందరే ప్రమాదమని మా అభిప్రాయం. బిగుసుకున్న కొమ్మను నరికితే విల్లులా ఎగిరి కొడుతుంది. మొద్దు దొర్లుతుంది. కరెంటు తీగ తగిలి ఉంటే పచ్చి చెట్టంతా కరెంటే.

ముందు ఇంట్లోవాళ్లందరూ బయటికి రావాలి. 1912కు ఫోన్ చేసి, సరఫరా ఆపారని లైన్‌మన్ చెప్పేవరకు ఎవరూ చెట్టును ముట్టవద్దు. తెల్లవారాక పని తెలిసినవాళ్లతోనే కొట్టించండి. దెబ్బ తగిలితే మెడ, నడుము కదిలించకుండా 108ని పిలవండి. తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత ఉంటే, పైకి గాయం లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కూలి ఎక్కువవుతుందని కొందరంటారు. నిజమే. కాని నడుము విరిగి ఇంటిపెద్ద మంచాన పడితే పోయేది అంతకంటే ఎక్కువ. అందుకే విధవరాండ్రు, వృద్ధుల ఇళ్ల దగ్గర ఆ ఖర్చును సంఘమే పంచుకోవాలని మేము కోరుతున్నాము.

మృగశిర కార్తెకు ముందే పుచ్చిన మొదళ్లు, ఎండిన కొమ్మలు చూసుకోండి. నిలిచి ఉన్న చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి అవసరమేమో ముందుగా అడగండి.

కప్పు మళ్లీ వేసుకోవచ్చు. ప్రాణం ఒక్కటే. దేవుడు మిమ్మును కాపాడును గాక.