ముత్యం ఎవరి వికృతి?

మొన్న మా మేనల్లుడు తెలుగు పరీక్ష కాగితం తెచ్చి చూపించాడు. మౌక్తికానికి వికృతి ముత్యమని రాసి ఒక మార్కు సంపాదించుకున్నాడు. "మామయ్యా, వికృతి అంటే వికారంగా ఉండేదా?" అన్నాడు. కాదురా, మార్పు చెందినదని సర్దిచెప్పాను గానీ ఆ జవాబు నాకే రుచించలేదు. కాగితం పైన పంతులుగారి మెచ్చుకోలు: "ముత్యాల్లాంటి అక్షరాలు". మౌక్తికాల్లాంటి అక్షరాలని ఆయన మాత్రం రాయలేదు!

సంస్కృతాభిమానులైన మిత్రులు కర్రలెత్తే ముందు ఒక్క మాట. ఋగ్వేదంలో ముత్యానికి వాడిన పదం కృశనం. ముక్తా, మౌక్తికం తరువాతి సంస్కృతంలో కనబడేవి. ముత్యాలకు పేరుపడ్డదేమో దక్షిణాన తామ్రపర్ణి కడలిలో కలిసే మన్నారు సింధుశాఖ. కౌటిల్యుని అర్థశాస్త్రం ముత్యాల రకాలను తామ్రపర్ణికం, పాండ్యకవాటకం అంటూనే మొదలుపెడుతుంది. సరుకు వెళ్ళిన దారినే పేరూ వెళ్ళిందనుకోవడంలో వింతేముంది? తమిళ, కన్నడ, మలయాళాలలో అది నేటికీ ముత్తు. ముక్తా అన్నది ద్రావిడం నుంచి వెళ్ళిన మాటేనని టి. బరో 1955లో సంస్కృత భాషపై వెలువరించిన గ్రంథంలో పేర్కొన్నాడు. చిప్ప నుండి ముక్తి పొందినది కనుక ముక్త అనే వ్యుత్పత్తి ఉంది. అందమైనదే, నాకూ ఇష్టమే. కానీ పేరు వచ్చాక కుట్టిన చొక్కాలా ఉంది.

ఇది నిర్వివాదమని నేననను. పైగా మౌక్తికం ప్రాకృతంలో మొత్తియ అయింది. మన ముత్తియములోని తోక అక్కడిదే కావచ్చు. హిందీ మోతీ దానికి తోబుట్టువు. అయితేనేం? ఇక్కడి పిల్ల అత్తవారింట పెట్టిన నగతో పుట్టింటికి తిరిగివచ్చిందనుకుందాం. ఆ నగను చూపి పిల్లే వాళ్ళదంటుంది పాఠ్యపుస్తకం. రెండో మాట ఉన్నదన్న ఊసైనా ఎత్తదు. నా పేచీ అక్కడే.

1910లో గురజాడ కొత్త నడకకు పేరు కావలసివచ్చినప్పుడు ముత్యాల సరములన్నారే గాని మౌక్తిక హారములనలేదు. ఊరి పొలిమేరన కొలువైనది ముత్యాలమ్మ. మేలైన గుండ్రని ముత్యం ఆణిముత్యం, తమిళంలోనూ ఆణిముత్తే. ఇన్ని చోట్ల వేళ్ళూనిన మాటను పదేళ్ళ పిల్లవాడు మరొకదాని వికృతిగా మాత్రమే నేర్చుకుంటున్నాడు.

ఇదంతా ఓపికగా విని వాడు అడిగాడు: "అయితే వచ్చే పరీక్షలో ఏం రాయను?"

"వికృతనే రాయి. మార్కు పోతుంది" అన్నాను, వాడి ముఖం చూడలేక.