ఏ చెట్టుకు ఎప్పుడు కత్తెర?

వరికోతలు ముగిసి, కాస్త తీరిక చిక్కే రోజులివి. పెరట్లో గుబురుగా పెరిగిన చెట్టు కనబడితే కత్తి చేతికి వస్తుంది. అయితే ఏ చెట్టుమీద కత్తి వేస్తున్నామో ముందుగా ఆలోచించాలని మా మనవి.

యోహాను సువార్త 15వ అధ్యాయములో ద్రాక్షతీగెలను బాగుచేసే వ్యవసాయకుని గూర్చి మనమందరము చదివినవారమే. ఆ దేశములో ద్రాక్ష చలికాలాన ఆకు రాల్చి విశ్రమిస్తుంది గనుక అప్పుడే కత్తిరిస్తారు. చలిదేశాల ఆపిల్ చెట్లకూ అంతే. మన ఎండలకు ద్రాక్ష అలా విశ్రమించదు. అందుకే హైదరాబాదు చుట్టుపట్ల రైతులు వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి తీగెలు కత్తిరిస్తారు. మొక్క ఒకటే, దేశాన్నిబట్టి కాలం మారింది.

జంగారెడ్డిగూడెం మెట్టలో మనకున్నవి మామిడి, జీడిమామిడి. చలికాలంలో ఇవి పూతకు సిద్ధపడుతుంటాయి. మామిడి పూత ముదిరిన రెమ్మల చివరనే వస్తుంది. డిసెంబరులో ఆ రెమ్మలు నరికితే ఆ మేరకు వేసవిలో కాయ ఉండదు. కాయలమ్ముకొని పిల్లల ఫీజులు కట్టే ఇంటికి అది చిన్న నష్టం కాదు. కాయకోత అయిన వెంటనే, జూన్, జూలై నెలల్లో కత్తిరిస్తే, ఆపైన వచ్చే చిగురు చలికాలానికి ముదురుతుంది. జీడిమామిడికీ కోత తరువాత, తొలకరి వేళే మంచిది. ఎండుపుల్లలు మాత్రం ఎప్పుడైనా తీయవచ్చు. బదనిక పట్టిన కొమ్మను, అది అంటుకొన్న చోటుకు దిగువన కోసివేయాలి.

చలికాలపు కత్తెర నిజంగా కోరేది మల్లె. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్నాళ్లు నీరు ఆపి, పొదను మోకాలెత్తున కత్తిరించండి. ఎండిన, తెగులు పట్టిన కొమ్మలు తీసివేసి, చివికిన పశువుల ఎరువు వేసి, తిరిగి నీరు పెట్టండి. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగుళ్లకే గనుక వేసవికి పొదనిండా పూలుంటాయి.

పెద్ద కొమ్మ కోసినచోట బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో వేరువేరుగా కలిపి, తరువాత రెండూ ఒకటి చేయండి. ప్లాస్టిక్ బకెట్టుగాని, మట్టికుండగాని వాడండి; ఇనుపపాత్ర పనికిరాదు. కలిపిననాడే వాడేయాలి, పిల్లలకు అందనీయకూడదు.

ఈ నెలలో మల్లెపొదతో మొదలుపెట్టండి. మామిడిని జూన్ వరకు అలాగే ఉండనివ్వండి.