పసివారి పరీక్షలు



పోయిన యేడు మా చిన్నపాపకు పదునొకండవ నెల నడచుచుండగా దానికొక యలవాటు పట్టుబడినది. ఉగ్గుగిన్నెను పీటమీదినుండి క్రిందికి త్రోయును, మేము తీసి యిత్తుము, మరల త్రోయును. ఒకనాడు అయిదవమారు త్రోయగా మేము సహింపజాలక దాని చేతిపై నొక దెబ్బ వేసితిమి. పాప యేడ్వలేదు. గిన్నెవంకను, మా మొగమువంకను మార్చి మార్చి చూచినది. ఆ చూపు మమ్మింకను బాధించుచున్నది. మాటలురాని బిడ్డ మనసులో నేమున్నదో పండితు లెట్లు కనుగొందురో చదివిన పిమ్మట నా బాధ యినుమడించినది.

పసివారిని ప్రశ్నించి బదులు రాబట్టుట సాధ్యముగాదు. కాని వారి కన్నులే బదులు చెప్పునని అమెరికాదేశమున రాబర్ట్ ఫాంట్జ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు గ్రహించెను. ఆయన శిశువును పరుండబెట్టి, పైన రెండు బొమ్మలుంచి, చిన్న రంధ్రముగుండ చూచుచుండెడివాడు. కంటిపాపపై నే బొమ్మ ప్రతిబింబించునో, శిశువు దానినే చూచుచున్నట్లు లెక్క. 1964లో ప్రకటించిన పరిశోధనమున నొక బొమ్మను మార్పక, రెండవదానిని మాటిమాటికి మార్చుచు చూపెను. రెండు నెలలు దాటిన శిశువులు పాతబొమ్మపై క్రమముగా దృష్టి తగ్గించి, క్రొత్తదానిపై నిలిపిరి. చూచినది జ్ఞప్తియందుండనిచో విసుగెట్లు కలుగును?

మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది, 2015లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునుండి ఎమీ స్టాల్, లీసా ఫైగెన్సన్ అను నిరువురు స్త్రీలు ప్రకటించిన పరిశోధనము. పదునొకండు నెలల శిశువుల యెదుట నొక బంతిని వాలుబల్లపై దొరలించి, అది అడ్డుగోడను దూరి యావలకు బోయినట్లు తెరమాటున కనికట్టు చేసిరి. మరికొందరికి బొమ్మకారు ఆధారములేక గాలిలో నిలిచినట్లు చూపిరి. పిమ్మట నా వస్తువులను వారి చేతికిచ్చిరి. బంతి గోడను దూరగా చూచినవారు దానిని బల్లకేసి కొట్టిరి. కారు గాలిలో నిలువగా చూచినవారు దానిని క్రిందికి విడిచిరి! వింత యెందు గలదో పరీక్షయు నందే సాగినది. అంతియేకాదు, బంతి యథాప్రకారము గోడకడ నిలిచినప్పటికంటె, గోడను దూరినట్లు చూపినప్పుడే, దానిని గూర్చి నేర్పిన క్రొత్తసంగతిని వారు బాగుగ గ్రహించిరి.

ఎక్కువసేపు చూచుట యెల్ల ఆలోచనయే యనరాదనియు, కేవలము క్రొత్తదనమే కారణము కావచ్చుననియు వాదించు పండితులును గలరు. అందుచేతనే యీ పరిశోధనలందు జాగ్రత్త మెండు. తరచుగా బిడ్డను తల్లియొడిలోనే కూర్చుండబెట్టుదురు. ఆమె ముఖభావమునుబట్టి బిడ్డ చూపు మారకుండుటకై పెక్కుచోట్ల నామెను కన్నులు మూసికొనుమందురు.

ప్రశ్నించుటయే విద్యకు మూలమని మా వారు బడిపిల్లలకు నిత్యము చెప్పుచుందురు. ఆ ప్రశ్న మాయింటనే చేతులతో నడుగబడుచుండగా మే మెరుగమైతిమి. త్రోసిన ప్రతిమారును పాప శాస్త్రమే చేసినదని మేమనము. అల్లరియు కొంత యుండవచ్చును. అయినను చేయి యెత్తుటకు ముందొక్క క్షణమాగి, బిడ్డ చూపెటున్నదో కనిపెట్టుట మన ధర్మము. పగులునవి, కాలునవి దూరముగా నుంచుడు. గుడ్డబంతియో, కొయ్యగరిటెయో చేతికిండు. అయిదవమారు పడినను తీసి యిండు.

మా పాప యిప్పుడు గిన్నె త్రోయుట మానినది. మేమే అప్పుడప్పుడు దాని ముందొక గిన్నె నుంచి చూచుచున్నాము.